కావేరి మహసీర్: పిల్లల్ని పెంచి నదిలో వదిలితే సరిపోదా?

ఏటిగట్టు
అందరికీ నమస్కారం. కావేరిలో ఉండే మూపురం మహసీర్ అనే చేప గురించి ఈమధ్య బాగా చదువుతున్నా, అదే ఆరెంజ్ రంగు రెక్కలుండేది. 2018లో ఐయూసీఎన్ వాళ్ళు (అంతరించే జీవుల 'రెడ్ లిస్టు' తయారుచేసే అంతర్జాతీయ సంస్థ) దీన్ని క్రిటికల్లీ ఎండేంజర్డ్ లిస్టులో పెట్టారు, అంటే పులి కన్నా ఇంకో మెట్టు ఎక్కువ ప్రమాదంలో ఉన్నట్టు. కర్ణాటక కావేరి మీద కట్టాలంటున్న మేకెదాటు డ్యామ్ మీద మా ఆఫీసులో మాటలు నడుస్తుంటే నేను ఈ చేప సంగతి ఎత్తాను. ఒకాయన వెంటనే "దానికేముంది, మహసీర్ ని హేచరీల్లో (గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచేచోట) ఎప్పట్నుంచో పెంచుతున్నారు, డ్యామ్ కట్టాక లక్ష పిల్లల్ని వదిలేస్తే అయిపోద్ది కదా" అన్నాడు. ఆయన చెడ్డగా అనలేదు, నిజంగానే అలా అనుకుంటున్నాడు, చాలామంది అలాగే అనుకుంటారు కూడా. లోనావాలాలో టాటా పవర్ వాళ్ళ హేచరీ 1970ల నుంచి నడుస్తోందని నాకూ తెలుసు. మరి ఈ వాదనలో తప్పెక్కడుంది? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

గులకరాయి
తప్పు మొదట్లోనే ఉందండి. లోనావాలాలో ఎక్కువగా పెంచింది వేరే చేప. అది నీలి రెక్కల మహసీర్, టోర్ ఖుద్రీ అంటారు, అది కృష్ణా గోదావరి పైభాగాల్లోది. కావేరి మూపురం చేప టోర్ రెమాదేవీ, ఇది కావేరిలోను దాని ఉపనదుల్లోను తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. రెండూ మహసీర్లే కదా అని నీలి రెక్కల పిల్లల్ని తెచ్చి ఏళ్ళ తరబడి కావేరిలో పోశారు, మంచి చేస్తున్నామనే పోశారు.

దాని ఫలితం ఏమైందో రాతపూర్వకంగా ఉంది. కర్ణాటకలో కావేరి ఒడ్డున గాలిబోర్ దగ్గర గాలం క్యాంపులో పట్టిన ప్రతి మహసీర్ నీ తూకం వేసి, రాసుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేసేవాళ్ళు. 1998 నుంచి 2012 దాకా ఉన్న ఆ లెక్కల్ని కొంతమంది శాస్త్రవేత్తలు తీసి చూసి 2015లో పేపర్ వేశారు. నీలి రెక్కలవి బాగా పెరుగుతూ పోయాయి, మూపురం చేపలు తగ్గుతూ పోయాయి. ఇంకో విషయం, నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే, పడ్డ మూపురం చేపల సగటు బరువు ఏటేటా పెరిగింది. పైపైన చూస్తే మంచి వార్తలాగే ఉంటుంది, గాలం వేసేవాళ్ళకి పెద్ద పెద్ద చేపలు పడుతున్నాయి ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ పెద్దవే పడుతున్నాయంటే చిన్నవి లేవని, కొత్త తరం రావట్లేదని అర్థం. మనవలూ పిల్లలూ లేకుండా ముసలివాళ్ళు మాత్రమే మిగిలిన ఊరు లాంటిది అది.

అయినా 2018 దాకా దీన్ని రెడ్ లిస్టులో పెట్టడానికే కుదరలేదు, ఎందుకంటే ఈ చేపకి శాస్త్రీయ నామం ఖాయం కాలేదు. 1946లో కావేరి ఉపనది కబినిలో మైసూరుకి చెందిన వాన్ ఇంగెన్ పట్టిన 120 పౌండ్ల చేప ప్రపంచ రికార్డు, వందేళ్ళ పైనుంచి ఇంగ్లీషు దొరలు దీని కోసం పడి చచ్చారు, అంత పేరున్న చేప ఏ జాతో కాగితం మీద తేలలేదు! 2007లో కేరళ పాంబార్ నదిలో (అదీ కావేరిలో కలిసేదే) చిన్న చేపల్ని చూసి టోర్ రెమాదేవీ అని ఒక కొత్త జాతిని వర్ణించారు, అదీ ఇదీ ఒకటేనని 2018లో జన్యు పరీక్షలతో తేల్చారు. రెడ్ లిస్టులోకి ఎక్కింది ఆ తర్వాతే.

ఎదురీత
పైన గులకరాయి గారు చెప్పింది కరెక్టే, కానీ రేపు అసలు మూపురం చేపనే హేచరీలో పెంచగలిగారనుకోండి, అప్పుడైనా ఆ పిల్లలు ఎక్కడ బతకాలి అనేది ప్రశ్న. నాకు ఈ చేప కన్నా అది ఉండే నీళ్ళ మీద బాధ ఎక్కువ.

మహసీర్ కి పారే నీళ్ళు కావాలి, ఊరికే నిండుగా ఉంటే చాలదు. వేసవిలో లోతు మడుగుల్లో తలదాచుకుంటుంది, వానలు పడి నది పొంగగానే ఎదురెక్కి ఉపనదుల్లోకి పోయి గులకరాళ్ళ మీద గుడ్లు పెడుతుంది. ఆ రాళ్ళ సందుల్లోంచి గాలి కలిసిన నీళ్ళు ఆడుతూ ఉండాలి, ఒండ్రు కప్పేసిందంటే గుడ్లు ఊపిరాడక పోతాయి. మడుగు, వరద, దారి, గులకరాళ్ళు, వీటిలో ఏ ఒక్కటి పోయినా ఆ ఏడు పిల్లలు లేనట్టే.

ఇప్పుడు కావేరిని చూడండి. పైన కృష్ణరాజసాగర్, కింద మెట్టూరు, రెండూ 1930ల నాటికే వచ్చేశాయి. మధ్యలో శివనసముద్రం దగ్గర కరెంటు 1902 నుంచి. దారి అప్పుడే ముక్కలైపోయింది. దానికి తోడు ఇసుక తవ్వకాలు, వేసవిలో మడుగుల్లో తోటాలు పేల్చి చేపలు పట్టడం, ఒక్క పేలుడుకి ఆ మడుగులో చిన్నా పెద్దా అన్నీ పోతాయి. జలవిద్యుత్ ఉన్నచోట కరెంటు అవసరాన్ని బట్టి నీళ్ళు వదులుతారు ఆపేస్తారు, నది ఒకే రోజులో పెరిగి తగ్గుతుంది, ఒడ్డున రాళ్ళ మీదున్న గుడ్లు ఎండిపోతాయి.

ఇంత జరిగినా శివనసముద్రం కింద నుంచి ముత్తత్తి, భీమేశ్వరి, గాలిబోర్, సంగమ మీదుగా కొండల మధ్య అడవిలో పారే ముక్క ఇంకా నదిలాగే ఉంది. మేకెదాటు రిజర్వాయర్ అంటే 67 టీఎంసీల పైన, ఇంచుమించు 5 వేల హెక్టార్ల అడవి మునుగుతుంది, అందులో ఎక్కువ భాగం కావేరి అభయారణ్యమే. ఆ పారే ముక్క నిలవ నీరయిపోతుంది. నిలవ నీళ్ళలో తిలాపియా లాంటివి హాయిగా ఉంటాయి, మూపురం చేప ఉండలేదు. మీ ఆఫీసాయన్ని ఒక్కటే అడగండి, ఆ లక్ష పిల్లలు పెద్దయ్యాక ఏ గులకరాళ్ళ మీద గుడ్లు పెట్టాలి అని.

బెంగుళూరు నీళ్ళు
నేను కాస్త వేరేగా చెప్తా, కోపం తెచ్చుకోకండి. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే అపార్ట్‌మెంట్లో ఉంటున్నాను, తాగునీళ్ళు లేకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. చేప కోసం ఊరిని ఎండబెట్టమంటే ఎవరూ ఒప్పుకోరు. ఇంకొకటి, మీరు చెప్పే ఆ ముక్కలోనే మూపురం చేప దాదాపు కనబడట్లేదు అంటున్నారు కదా, మరి లేని చేప కోసం డ్యామ్ ఆపాలా?

ఎదురీత
కోపం ఎందుకండీ, అడగాల్సిన మాటే అడిగారు. కానీ ఆ ప్రాజెక్టులో బెంగుళూరుకి తాగునీళ్ళ కింద చూపింది 4.75 టీఎంసీలు, కట్టేది 67. దానితో పాటు 400 మెగావాట్ల కరెంటు కూడా ఉంది. అంటే మీ ట్యాంకర్ కష్టం నిజమే కానీ అంత పెద్ద చెరువు మీ కుళాయి కోసమే కాదు. కారిపోతున్న పైపులు, పూడిపోయిన చెరువులు, శుద్ధి చేసి మళ్ళీ వాడుకునే నీళ్ళు, వాటి లెక్క ముందు తేల్చాలి కదా.

చేప లేదనే మాటకి వస్తే, చేప తగ్గిపోయినా నది ఉంటే తిరిగి తెచ్చుకోవచ్చు, నదే పోయాక చేప ఉన్నా ఉపయోగం లేదు. గులకరాయి గారు చెప్పిన 2018 జన్యు పరీక్షలకి చేపలు దొరికింది మోయార్ లో, ముదుమలై సత్యమంగళం అడవుల మధ్య పారే నది. అక్కడా సుఖం లేదు, పైన పైకారా మోయార్ జలవిద్యుత్ కేంద్రాలు, కింద భవానీసాగర్, మధ్యలో చిక్కుకుని ఉన్నాయి. అక్కడ ఏదైనా రోగమో, నీళ్ళు లేని ఏడో వస్తే ఇంకెక్కడినుంచి తెస్తాం? అందుకే రెండో చోటు కావాలి, ఆ రెండో చోటు కాగలిగింది ఈ ముక్కే.

బెంగుళూరు నీళ్ళు
4.75 సంగతి నాకు తెలీదండి. అది చూస్తే లెక్క వేరేగానే ఉంది. ఆలోచించాలి.

ఏటిగట్టు
చాలా థాంక్స్ అందరికీ. ఇంకొక్కటి, పాత క్యాంపుల్లో గాలం వేయడం ఆపించడం మంచిదేనా? అభయారణ్యంలో గాలం ఏంటి అని నాకూ అనిపించేది.

గులకరాయి
ఇది కష్టమైన ప్రశ్న, నా అభిప్రాయం మాత్రమే చెప్తా. చట్టప్రకారం అభయారణ్యంలో చేపలు పట్టకూడదు, అది సరే. కానీ ఆ క్యాంపులున్నప్పుడు నది ఒడ్డున రోజూ మనుషులు తిరిగేవాళ్ళు, స్థానికులకి జీతాలుండేవి, వాళ్ళలో కొందరు ఒకప్పుడు దొంగచాటుగా చేపలు పట్టినవాళ్ళే, తోటాలవాళ్ళు అటు రావడానికి జంకేవాళ్ళు. ఈ పదిహేనేళ్ళ లెక్కలు కూడా ఆ క్యాంపు వల్లే మనకి మిగిలాయి. క్యాంపు తీసేస్తే ఆ కాపలా, ఆ లెక్కలు ఇంకెవరో చెయ్యాలి. అటవీశాఖ అదే మనుషుల్ని కాపలాకి, చేపల లెక్కకి పెట్టుకుంటే గాలం లేకుండానే జరుగుతుంది. ఇంకా ముందు చెయ్యాల్సింది, కావేరిలో ఎక్కడా నీలి రెక్కల పిల్లల్ని ఇక వదలకుండా ఆపడం, దానికి డ్యామ్ గొడవ తేలేదాకా ఆగక్కర్లేదు.

ఎవరైనా ఆ వైపు వెళ్ళి మహసీర్ ఫోటోలు తీస్తే ఇక్కడ పెట్టండి, రెక్కల రంగు, వీపు మీద మూపురం బాగా కనబడేలా పక్కనుంచి తీయండి, ఏ జాతో చెప్పడానికి ప్రయత్నిస్తాం. మడుగు పేరు మాత్రం రాయొద్దు, తోటాలవాళ్ళు కూడా ఫోన్లు చూస్తారు.