కవిత చదువుతుంటే వెనక వాయిద్యం మోగాలా, ఆగాలా?

చివరి కుర్చీ:
నెలకోసారి మేం కొందరం కలిసి కవిత్వం, సంగీతం కలిపి ఒక సాయంత్రం పెడుతున్నాం. టికెట్ లేదు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. పోయినసారి అయిపోయాక గొడవంతా ఒక్క విషయం మీదే. కవిత చదువుతున్నంతసేపూ వెనక వేణువు, గిటార్ ఉండాలని సగం మంది. కవిత పూర్తయ్యాకే వాయించాలని మిగతా సగం. నా మాట ముందే చెప్పేస్తున్నా, ఉండాలి. ఉచితం కాబట్టి అటుగా పోయేవాళ్లు కూడా లోపలికి తొంగిచూస్తారు. వాళ్లని గుమ్మం దాటించేది సంగీతమే. ఒట్టి కవిసమ్మేళనం అంటే కవులూ వాళ్ల స్నేహితులే వస్తున్నారు, రెండేళ్లుగా చూస్తున్నాను.

కాగితం మడత:
గుమ్మం దాటించడం వేరు, వినిపించడం వేరండీ. పోయినసారి నేనూ చదివాను. మా నాన్న పోయాక ఆయన కళ్లజోడు గురించి రాసుకున్న కవిత. "అద్దం మీద ఇంకా ఆయన వేలిముద్ర ఉంది" అన్న పాదం తర్వాత నేను ఆగాలి. రాసేటప్పుడే అక్కడ ఒక పంక్తి ఖాళీగా వదిలాను. ఆ ఖాళీ కూడా కవితే. నేను ఆగగానే వేణువు ఆయన అక్కడ ఆలాపన అందుకున్నారు. చాలా బాగా వాయించారు, జనం చప్పట్లు కొట్టారు. ఆయన్ని తప్పు పట్టడం లేదు. కానీ ఆ పాదం ఎవరి చెవికీ చేరలేదనిపించి ఇంటికెళ్లాక కూడా మనసు కుదుటపడలేదు. వచన కవితకి లయ లోపలే ఉంటుంది. పైనుంచి ఇంకోటి వేస్తే లోపలిది చచ్చిపోతుంది.

తీగ సవరణ:
ఆ రోజు గిటార్ వాయించింది నేనే. సంగీతం తోడైతే కవిత్వం పలచబడుతుందన్న మాట మాత్రం ఒప్పుకోను. ఇంగ్లీషులో లిరిక్ అన్న మాటే లైర్ అనే గ్రీకు తీగవాయిద్యం పేరు నుంచి వచ్చింది. గేయం సంగతి మనకి వేరే చెప్పక్కర్లేదు. వచన కవితకి కుదరదా అంటే, 1957లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని సెల్లార్ అనే క్లబ్బులో రెక్స్‌రాత్, ఫెర్లింగెట్టి అనే అమెరికన్ కవులు జాజ్ బృందంతో కలిసి చదివారు. ఆ మరుసటి ఏడాది ఇంకో అమెరికన్ కవి ల్యాంగ్‌స్టన్ హ్యూస్, జాజ్ సంగీతకారుడు చార్లెస్ మింగస్ బృందంతో తన కవితలు రికార్డు చేశాడు. కుదురుతుంది. కుదుర్చుకోవాలి.

కాగితం మడత గారికి జరిగింది మా వల్లే. కవిత మాకు ముందుగా అందలేదు, హాల్లోకి వచ్చాకే కలిశాం. అప్పటినుంచి నేను కవిత కాపీ అడిగి తీసుకుంటున్నాను. కవి చేత ఒకసారి చదివించుకుని, ఎక్కడ ఆగుతారో అక్కడ పెన్సిల్‌తో గీత పెడతాను. గీత రాగానే అరచెయ్యి తీగల మీద ఆన్చేస్తాను, మోత ఆగిపోతుంది. తాళం అసలు వెయ్యను. తాళం పడితే చదివేవాళ్లు తెలియకుండానే దాని వెంట పరుగెడతారు, పాదాల విరుపులు పోతాయి. ఒకటో రెండో స్వరాలు పట్టుకుని నిలబడటం, అంతే. చూడ్డానికి ఏమీ చెయ్యనట్టుంటుంది గానీ పాట వాయించడం కన్నా కష్టం. (దీనికి రిహార్సల్ కావాలి. రిహార్సల్‌కి వచ్చే వాయిద్యకారులకి దారి ఖర్చులైనా ఇవ్వాలి. ప్రవేశం ఉచితం కదా అని మా సమయం కూడా ఉచితమే అనుకోకండి.)

మిక్సర్ దగ్గర:
సౌండ్ చూసేవాడిగా ఒక మాట. మాటలో బలమంతా అచ్చులది, అర్థం చాలావరకు హల్లులది. కల అన్నారో తల అన్నారో తేల్చేది ఆ ఒక్క హల్లే. హల్లుల స్పష్టత ఎక్కువగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. వేణువు పై స్థాయికి వెళ్తే ఆ చోటులోకే వచ్చి కూర్చుంటుంది. అప్పుడు కవి గొంతు పెంచినా లాభం లేదు, అచ్చులే పెరుగుతాయి. కవిత నడుస్తున్నప్పుడు వేణువు మంద్రంలో ఉండాలి, వాయిద్యాల ఛానెల్‌లో ఆ భాగం నేను కొంచెం తగ్గించాలి. పోయినసారి సౌండ్ చెక్ గిటార్‌కి చేశాం, వేణువుకి చేశాం. చదివే మైకుకి "హలో, హలో" అని వదిలేశాం. వాయిద్యాలు మోగుతుండగా ఎవరో ఒకరు నాలుగు పాదాలు చదివి, ఇంకొకరు చివరి వరుసలో కూర్చుని వినాల్సింది.

రెండో వరుస:
నేను వినికిడి యంత్రం పెట్టుకుంటాను. హాలు నిశ్శబ్దంగా ఉంటే ఒక్క గొంతు నాకు బాగానే అందుతుంది. వెనక వాయిద్యం చేరిందంటే రెండూ కలిసే పెద్దవవుతాయి, మాట విడిగా రాదు. టికెట్ తీసేసి అందరినీ రమ్మన్నారు, సంతోషం. వచ్చాక వినపడకపోతే నాకు తలుపు మూసినట్టే. వాయిద్యం ఉంచాలనే అనుకుంటే కవితలు పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి చేతికివ్వండి.

గోడ పక్కన:
నాకు కవిత్వం అలవాటు లేదు. ఆ రోజు వేణువు వినపడి లోపలికొచ్చాను, కుర్చీ లేక గోడకి ఆనుకుని నిలబడ్డాను. కాగితం మడత గారూ, వేలిముద్ర పాదం నాకు వినపడిందండీ. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. వేణువు కోసం కొట్టలేదు. మా అమ్మ ఫోన్ ఇంకా చార్జింగ్ పెడుతూనే ఉన్నాను నేను.

చివరి కుర్చీ:
రెండో వరుస గారు రాసింది చదివాక నా మొదటి మాట మీద అలాగే నిలబడలేను. కవిత పొడుగునా వాయిద్యం తప్పనిసరి అన్నది వదిలేస్తున్నా. ఈసారి వాయిద్యం కావాలా వద్దా అన్నది చదివేవాళ్లే చెప్పాలి, కావాలన్నవాళ్లు వారం ముందే కవిత పంపాలి. ప్రింట్లు నేను తీయిస్తాను. తలుపు తెరిచిన మొదటి ఇరవై నిమిషాలు మాత్రం సంగీతమే, అది మార్చను. గోడ పక్కన నిలబడేవాళ్లు ఇంకా రావాలి.

కాగితం మడత:
గోడ పక్కన గారూ, మీరు రాసింది నాలుగుసార్లు చదివాను. అయినా కళ్లజోడు కవిత ఇంకెప్పుడు చదివినా వాయిద్యం లేకుండానే చదువుతాను, ఆ విషయంలో నా అభిప్రాయం మారలేదు. వాన మీద రాసింది ఇంకోటుంది. తీగ సవరణ గారూ, అది మీకు పంపుతాను. ఏడో పాదం తర్వాత గీత పెట్టుకోండి, అక్కడ నేను చాలాసేపు ఆగుతాను.