తార్తాల్యా చెప్పిన సూత్రాన్ని కార్దానో అచ్చు వేయడం ద్రోహమేనా?

రెండోబెంచి:
ఘన సమీకరణాల (తెలియని సంఖ్య ఘనం ఉండే సమీకరణాల) సూత్రాన్ని ఎక్కువమంది కార్దానో పేరుతోనే పిలుస్తారు. దాన్ని 1539లో మిలన్‌లో ఆయనకు చెప్పింది మాత్రం తార్తాల్యా. ఇద్దరూ ఇటలీ గణితజ్ఞులే. ఎక్కడా అచ్చు వేయనని ఒట్టు వేయించుకుని మరీ పద్యరూపంలో చెప్పాడు. 1545లో అది కార్దానో పుస్తకం 'ఆర్స్ మాగ్నా'లో వచ్చేసింది. దీన్ని నమ్మకద్రోహం అనకుండా ఏమనాలి?

ఘనమూలం:
నేను అలా అననండీ. 1543లో కార్దానో, ఆయన శిష్యుడు ఫెరారీ బొలోన్యా వెళ్లి, అక్కడి గణితజ్ఞుడు డెల్ ఫెర్రో నోట్‌బుక్‌ను ఆయన అల్లుడి దగ్గర చూశారు. డెల్ ఫెర్రో 1526లోనే పోయాడు. తార్తాల్యా కంటే ముందే ఆ సూత్రం అందులో ఉంది. పైగా కార్దానో తన పుస్తకంలో ఇద్దరి పేర్లూ రాశాడు. ఎక్కడైనా దొంగ యజమాని పేరు చెబుతాడా?

లెక్కల పంతులు:
దొంగతనం అని నేనూ అనను. మాట తప్పాడని మాత్రం గట్టిగా అంటాను. ఆ నోట్‌బుక్ చూసేనాటికి తార్తాల్యా పద్యం నాలుగేళ్లుగా కార్దానో దగ్గరుంది.

అందులో ఏముందో 'ఆర్స్ మాగ్నా'లోని లెక్కతోనే చూడండి. ఒక సంఖ్య ఘనానికి ఆ సంఖ్యకు 6 రెట్లు కలిపితే 20 రావాలి. పద్యం ప్రకారం రెండు సంఖ్యలు వెతకాలి. వాటి తేడా 20 ఉండాలి. లబ్ధమేమో 6లో మూడో వంతైన 2కి ఘనం, అంటే 8. 108 వర్గమూలానికి 10 కలిపితే ఒకటి, అందులోంచి 10 తీసేస్తే రెండోది. వాటి ఘనమూలాలు దాదాపు 2.732, 0.732. తేడా 2, అదే జవాబు. ఎంత అందమైన కిటుకో!

దీన్ని తార్తాల్యా 1535 ఫిబ్రవరిలో సొంతంగా పట్టుకున్నాడు. డెల్ ఫెర్రో శిష్యుడు ఫియోర్‌తో పోటీ, గడువు ముంచుకొస్తోంది, ఎంత టెన్షన్ పడి ఉంటాడో. ఫియోర్ ఇచ్చిన 30 లెక్కలూ తేల్చేశాడు. ఆ రోజుల్లో లెక్కల పంతుళ్ల పేరూ జీతమూ ఇలాంటి బహిరంగ పోటీల మీదే నిలబడేవి. చిన్నతనంలో బ్రెషియాలో ఫ్రెంచి సైనికుడి కత్తివేటుకు దవడ తెగి, బతుకంతా నత్తితో గడిపిన పేదవాడాయన. ఆ సూత్రమే ఆయన ఆస్తి.

ఘనమూలం:
ఒట్టు సంగతి మనకు తెలిసింది తార్తాల్యా 1546లో వేసుకున్న పుస్తకం వల్లే. అక్కడే ఉన్నానన్న ఫెరారీ అలాంటి ఒట్టేమీ లేదన్నాడు. పైగా ఫెరారీ నాలుగో ఘాతం సమీకరణాన్ని సాధించిన పద్ధతిలో చివరకు ఒక ఘన సమీకరణం తగులుతుంది. ఇది దాచితే అదీ బయటికి రాదు. ఆరేళ్లలో తార్తాల్యా తనే ఎందుకు అచ్చు వేసుకోలేదు?

లెక్కల పంతులు:
ఆ మధ్య ఆయన యూక్లిడ్ జ్యామితి పుస్తకాన్ని ఇటాలియన్‌లోకి తెస్తున్నాడు, అది 1543లో అచ్చయింది. ఇక ఫెరారీ సాక్ష్యం అంటారా, ఆయన కార్దానో ఇంట్లో పెరిగిన మనిషి. 1548లో మిలన్‌లో గురువు తరఫున తార్తాల్యాతో వాదానికి దిగిందీ ఆయనే, కార్దానో రాలేదు. డెల్ ఫెర్రో నోట్‌బుక్ దొరికిందని కార్దానో వెనిస్‌లో ఉన్న తార్తాల్యాకు ఒక ఉత్తరం రాసి, "ఇక అచ్చు వేస్తున్నాను" అని ముందే చెప్పి ఉంటే నేనూ మీ పక్షమే ఉండేవాణ్ణి.