స్లోవేనియాలో వారం రోజులు: కారు అద్దెకు తీసుకోవాలా, బస్సూ రైలూ చాలా?

కృష్ణాతీరం:
జూన్ రెండో వారంలో నలుగురం వెళ్తున్నాం, ఇద్దరికి అరవై దాటాయి. ఏడు రాత్రులు. ల్యుబ్ల్యానా, బ్లెడ్, పోస్టోయ్నా గుహలు, పిరాన్, సోచా లోయ చూడాలి. దేశం మొత్తం మన పాత అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దది, అంతే. కారు దండగని కొందరు, లేకపోతే సగం చూడలేరని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?

పట్టాలవెంట:
కారు వద్దండీ. ల్యుబ్ల్యానా నుంచి బ్లెడ్‌కి దాదాపు గంటకో బస్సు ఉంటుంది, గంటా ఇరవై నిమిషాల ప్రయాణం. రైలెక్కితే మాత్రం చాలామంది లెస్‌త్సే-బ్లెడ్ స్టేషన్లో దిగి తికమకపడతారు. అక్కణ్ణుంచి సరస్సు నాలుగు కిలోమీటర్లు, మళ్లీ బస్సెక్కాలి. పోస్టోయ్నాకి రైల్లో గంట, స్టేషన్ నుంచి గుహకి కొంత నడక. పిరాన్‌లో కారు ఉన్నా లాభం లేదు. బయటివాళ్ల కార్లను పాత ఊళ్లోకి రానివ్వరు, ఊరి బయట ఫోర్నాచే పార్కింగ్‌లో పెట్టి బస్సులో రావాల్సిందే.

కుడివైపు:
మీరు చెప్పినవన్నీ నిజమే, కానీ సోచా లోయ మాట ఎత్తలేదు. ఈ దేశానికి వెళ్లేదే దానికోసం. వర్షిచ్ కనుమ (1,611 మీటర్లు) మీదుగా వెళ్లే బస్సు వేసవి సర్వీసు. జూన్ రెండో వారంలో దాన్ని నమ్ముకుని గదులు బుక్ చేయకూడదు. ఆ లోయలోని బోవెత్స్, కోబరిద్ ఊళ్ల మధ్య బస్సులు తక్కువ, ఆదివారం ఇంకా తక్కువ. ఒక్కటి తప్పిందంటే రోజు పోయినట్టే. పైగా నలుగురి టికెట్లూ కలిపితే కారు అద్దెకి దగ్గరగానే వస్తుంది.

పట్టాలవెంట:
సోచాకి రైలు ఉందండీ. సరస్సు దగ్గరున్న బ్లెడ్ యెజెరో స్టేషన్‌లో ఎక్కితే బోహిన్ సొరంగం (6,327 మీటర్లు) దాటి సోచా ఒడ్డునున్న మోస్త్ నా సోచి ఊరు చేరుస్తుంది. 1906లో వేసిన మార్గం, యూరప్‌లో ఇంత అందమైనవి తక్కువ. పట్టాల పనులున్నప్పుడు ఆపేస్తారు, వెళ్లేముందు చూసుకోండి.

కుడివైపు:
దిగాక? అక్కణ్ణుంచి బోవెత్స్ చేరడానికి మళ్లీ ఆ బస్సులే. పెద్దవాళ్లతో, పెట్టెలతో అది కష్టం.

నీలిదారం:
ఇద్దరి మాటా సగం సగం తీసుకోండి. మొదటి నాలుగు రాత్రులు ల్యుబ్ల్యానాలో ఉండి బ్లెడ్, పోస్టోయ్నా, పిరాన్ బస్సూ రైళ్లలోనే చూసేయండి. నగరం నడిబొడ్డులో కార్లు తిరగనివ్వరు, పార్కింగ్‌కి ఊరికే డబ్బు కట్టాలి. చివరి మూడు రోజులకే కారు. ల్యుబ్ల్యానాలో తీసుకుని అక్కడే తిరిగివ్వండి, వేరే ఊళ్లో వదిలితే అదనంగా వసూలు చేస్తారు.

ముందే చూసుకోవాల్సినవి: మన లైసెన్సుతో పాటు ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లండి. డిపాజిట్‌కి డ్రైవర్ పేరు మీదున్న క్రెడిట్ కార్డు అడుగుతారు, డెబిట్ కార్డుతో చాలాచోట్ల కారివ్వరు. ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పాలి, అవి తక్కువ. హైవేకి విన్యెట్ అనే ఎలక్ట్రానిక్ పాస్ ఉండాలి. స్లోవేనియాలో తీసుకున్న కారుకి మామూలుగా ఉంటుంది, అయినా అడిగి చూడండి. వెనిస్‌లోనో ట్రియెస్టేలోనో తీసుకుంటే మీరే కొనాలి, వారానికి సుమారు 16 యూరోలు. నంబర్ ప్లేటు అక్షరం తప్పు కొట్టినా, దేశం తప్పు ఎంచుకున్నా కొననట్టే లెక్క, జరిమానా కనీసం 300 యూరోలు.

కృష్ణాతీరం:
వర్షిచ్ మలుపులు పెద్దవాళ్లకి పడతాయా? గుహల్లో నడక ఎంత?

కుడివైపు:
యాభై హెయిర్‌పిన్ మలుపులు. క్రాన్‌స్కా గోరా వైపు మలుపుల్లో రాళ్లు పరిచి ఉంటాయి, తడిస్తే జారుతుంది. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకుండా రెండో గేర్లో దిగాలి, లేదంటే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. కళ్లు తిరిగేవాళ్లుంటే ఆ కనుమ వదిలేసి ఇద్రియా మీదుగా సోచా లోయలోని తోల్మిన్ వెళ్లండి. ఆ దారీ మెలికలే, కానీ అంత ఎత్తు ఎక్కక్కర్లేదు.

పట్టాలవెంట:
గుహల విషయంలో పోస్టోయ్నానే ఎంచుకోండి. చాలాదూరం చిన్న రైల్లో కూర్చోబెట్టి తీసుకెళ్తారు, నడక ఒకటిన్నర కిలోమీటర్లు. ష్కోత్స్యాన్ అంతకంటే గంభీరంగా ఉంటుంది గానీ ఐదొందల పైచిలుకు మెట్లు, మోకాళ్ల నొప్పులుంటే వద్దు. పోస్టోయ్నా లోపల జూన్‌లోనూ 10 డిగ్రీలే, స్వెట్టర్ తప్పనిసరి.

నీలిదారం:
ఇంకొకటి. పక్కనే ఉందని వెనిస్ కలుపుకుంటున్నారేమో, రెండు దేశాలకూ ఒకే షెంజెన్ వీసా, అది ఎక్కువ రాత్రులుండే దేశానికే పెట్టాలి. స్లోవేనియాలో మూడు, ఇటలీలో నాలుగు అయితే దరఖాస్తు ఇటలీకే. కాబట్టి రాత్రుల లెక్క తేలాకే అపాయింట్‌మెంట్ తీసుకోండి, కారు బుకింగ్ ఆ తర్వాత.