లండన్ శివారు పిన్నర్‌లో పగటిపూట బతుకు ఎలా ఉంటుంది?

తెనాలి టీచరు

మావారికి లండన్‌లో బేకర్ స్ట్రీట్ దగ్గర ఉద్యోగం వచ్చింది. ఆగస్టు మొదట్లో బయలుదేరుతున్నాం. బాబుకు ఈ మధ్యే నాలుగేళ్లు నిండాయి, సెప్టెంబరులో అక్కడ బడిలో చేరాలి. అద్దెకు రెండు ఇళ్లు చూసి పెట్టుకున్నాం. ఒకటి ఈస్ట్‌హామ్‌లో ఫ్లాటు, రెండోది పిన్నర్ అనే శివారులో పెరడున్న ఇల్లు. రెండు చోట్ల నుంచీ ఆయన ఆఫీసుకు రైలు మారకుండా వెళ్లవచ్చు. వచ్చే వారం ఆయన ముందుగా వెళ్లి ఏదో ఒకటి ఖాయం చేస్తారు. ఆయన మనసంతా పిన్నర్ మీదే ఉంది.

ఆ వీధి ఫొటోలు చూశాను. ఇళ్లు ముచ్చటగా ఉన్నాయి, చెట్లున్నాయి, కార్లున్నాయి. మనిషి మాత్రం ఒక్కరూ కనబడలేదు. నేను ఇక్కడ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రోజంతా నా చుట్టూ మాటలే. ఆయన ఆఫీసుకు, వాడు బడికి వెళ్లాక ఆ వీధిలో నాకు పొద్దు ఎలా గడుస్తుంది? పక్కింటివాళ్లు పలకరిస్తారా? చలికాలం నిజంగా అంత కష్టమా? అక్కడ కాపురం చేసినవాళ్లు చెప్పండి. నన్ను ఊరడించాలని చూడకండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

పిన్నర్ నివాసి

టీచరు గారూ, మాది రాజమండ్రి. 2006 నుంచి పిన్నర్‌లోనే ఉంటున్నాను. ఇల్లు వెతికేటప్పుడు అందరూ రైలుకు ఎంతసేపు పడుతుంది, అద్దె ఎంత అని చూస్తారు. ఉదయం పదకొండు గంటలకు ఆ ఇంట్లో ఎవరుంటారన్నది ఎవరూ అడగరు. నా దృష్టిలో ఇల్లు ముందు ఆ మనిషికి సరిపోవాలి. మీ ఇంట్లో ఆ మనిషి మీరు.

మంగళవారం పదకొండుకు మా వీధిలో పోస్టు మనిషి కనబడతాడు, కుక్కను తిప్పే పెద్దాయన ఒకరు, సరుకులు దింపే వ్యాను ఒకటో రెండో. చెట్ల మీద అడవి పావురాలు కూస్తుంటాయి. గట్టు మీద రైలు పోయే చప్పుడు దూరంగా వినబడుతుంది. హారన్ అనేదే ఉండదు. వేసవిలో ఇదంతా ఎంతో హాయి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దగ్గర పడేదాకా వెలుతురు ఉంటుంది, అందరూ పెరట్లోనే ఉంటారు, ఎవరో ఒకరు గడ్డి కోస్తుంటారు. నవంబరు వచ్చేసరికి కిటికీలన్నీ బిగిస్తారు. డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. పిల్లవాణ్ణి బడి నుంచి తెచ్చి పాలు కలిపి ఇచ్చేలోగా బయట చీకటి. చలిని కోటుతో ఆపుకోవచ్చు. మనిషిని లోపల కూర్చోబెట్టేది ఆ చీకటే. అందుకే చలికాలంలో మధ్యాహ్నం ఒంటి గంటలోపు, వాన పడుతున్నా సరే, ఒకసారి బయటికి వెళ్లి రావాలి. ఇది నేను ప్రతి కొత్త కోడలికీ చెబుతాను.

ఈ నిశ్శబ్దం దానంతటది వచ్చింది కాదు. మెట్రోపాలిటన్ రైల్వే 1885లో పిన్నర్‌కు చేరింది. ఆ కంపెనీ తన పట్టాల పక్క మిగిలిన భూముల్లో ఇళ్లు వేయించి, 1915 నుంచి ఈ ప్రాంతమంతటికీ 'మెట్రోల్యాండ్' అని పేరు పెట్టి, ఏటా పుస్తకం అచ్చువేసి మరీ ప్రచారం చేసింది. లండన్ పొగకు దూరంగా తోట ఉన్న ఇల్లు, చీకటి పడేలోగా రైల్లో ఇంటికి రాక, వాళ్లు అమ్మింది అదే. మా వీధి 1930ల నాటిది. రెండేసి ఇళ్లకు నడుమ ఒకే గోడ, ముందు వైపు ఉబ్బెత్తు కిటికీ, అడుగెత్తు కంచె. పొద్దున రైలెక్కి సాయంత్రం తిరిగొచ్చే మనిషి కోసం వేసిన ఊరు ఇది. పగలంతా ఇక్కడే ఉండే ఆడవాళ్లను ఎవరైనా తలచుకున్నారా అని నాకు అనుమానమే. మీవారికి నచ్చడం, మీకు గుబులు పుట్టడం, రెండూ సహజమే.

ఇక ఇరుగుపొరుగు. పలకరిస్తారు, మర్యాదగా ఉంటారు. కానీ చెప్పకుండా గుమ్మం తొక్కరు, మనమూ వెళ్లకూడదు. చనువు ఇంటి బయటే మొదలవుతుంది. చెత్త డబ్బాలు వీధిలో పెట్టే సాయంత్రం రెండు మాటలు, మనం లేనప్పుడు వాళ్లు తీసి ఉంచిన పార్సిల్ కోసం వెళ్లినప్పుడు నాలుగు మాటలు. సెప్టెంబరులో పెరట్లో ఆపిల్ చెట్టు ఉన్నవాళ్లు మిగిలిన కాయలను డబ్బాలో పోసి, కావలసినవాళ్లు తీసుకోండని చీటీ రాసి గోడ మీద పెడతారు. అందులో బ్రామ్లీ అనే పెద్ద ఆకుపచ్చ కాయ ఉంటే వదలకండి. అది వంటకే పనికొచ్చే పుల్లటి రకం. 1809లో సౌత్‌వెల్ అనే ఊళ్లో ఒక చిన్నపిల్ల నాటిన గింజ నుంచి పుట్టింది. మామిడికాయ పప్పు చేసినట్టే దానితో చేయవచ్చు, కాకపోతే ఇట్టే మెత్తబడుతుంది కనుక పప్పు ఉడికాక వేయాలి. నేను దానితో తురుము పచ్చడి పెట్టి పక్కింటి పెద్దావిడకు సీసాడు ఇచ్చాను. ఆవిడ తన పెరట్లోని రూబార్బ్ అనే పుల్లటి కాడల మొక్క దుంప తవ్వి ఇచ్చింది. ఏటా వసంతంలో ఆ కాడలతో పుల్లటి పచ్చడి చేస్తాను. ఆకులు విషం, కాడలే వాడాలి. ఆవిడ చివరి రోజుల్లో ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే. ఆ చనువుకు ఏళ్లు పట్టింది. కానీ అంత గట్టి చనువు నాకు ఎక్కడా దొరకలేదు.

వంట సంగతి ఒకటి. తాలింపు వేసేటప్పుడు కిటికీ తెరిచి, పొయ్యి మీది ఫ్యాను పూర్తిగా పెట్టండి. లేకపోతే ఎండుమిర్చి ఘాటుకు పొగ అలారం మోగి బాబు హడలిపోతాడు. కరివేపాకు, కందిపప్పు, బెండకాయలకు ఇబ్బంది లేదు. పిన్నర్ ఉన్న హ్యారో బరోలో, అంటే లండన్‌లోని ఆ పాలనా విభాగంలో, నాలుగో వంతు మంది హిందువులు, గుజరాతీవారి దుకాణాలు చాలా ఉన్నాయి.

మే నెలాఖరు సోమవారం ఇక్కడ సెలవు. దాని తర్వాతి బుధవారం పిన్నర్ ఫెయిర్. 1336లో మూడో ఎడ్వర్డ్ రాజు ఇచ్చిన హక్కుతో జరుగుతున్న తిరునాళ్ళు. హై స్ట్రీట్ మొత్తం మూసేసి, పాత చర్చి ముందే రంగులరాట్నాలు బిగిస్తారు. మా ఊరు గొంతెత్తేది ఆ రోజే. ఆ రోజు మీరు తప్పకుండా బయటికి రావాలి, వీధిలో ఏడాదంతా తల ఊపి వెళ్లిపోయినవాళ్లు ఆగి మాట్లాడతారు.

మీకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఉద్యోగం గురించి. 2023 నుంచి భారతదేశంలో శిక్షణ పొందిన లెక్కల టీచర్లు ఇంగ్లండ్‌లో టీచరు అర్హత కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. పదకొండు నుంచి పదహారేళ్ల పిల్లలకు లెక్కలు, సైన్సు, భాషలు చెప్పేవారికి ఆ దారి తెరిచారు. అది వచ్చేదాకా బాబు బడిలోనే చదివించడానికి సాయంగా వెళ్లండి, నేర చరిత్ర తనిఖీ ఒకటి చేయించి తీసుకుంటారు. మూడుంబావుకు బడి గేటు దగ్గర నిలబడే తల్లులే మీ మొదటి స్నేహితులవుతారు. పదకొండు గంటలకు ఇంట్లో లేని మనిషికి పిన్నర్ చాలా మంచి ఊరు.

ఈస్ట్‌హామ్ నుంచి

నేను పిన్నర్ నివాసి గారితో ఏకీభవించలేను. మాది కరీంనగర్. మేము మొదట మాంచెస్టర్ వైపు అలాంటి శివారులోనే ఉన్నాం. నా భార్య చంటిపాపతో రెండు చలికాలాలు గడిపింది. వారమంతా నాతో, ఫోనులో వాళ్లమ్మతో తప్ప మరొకరితో మాట్లాడలేదు. స్నేహానికి ఏళ్లు పడుతుందని పెద్దవారు శాంతంగా చెప్పగలరు. ఆ ఏళ్లను గడిపే మనిషికి మొదటి ఫిబ్రవరిలో ఆ మాట చాలదు.

ఈస్ట్‌హామ్‌లో హై స్ట్రీట్ నార్త్ మీద నడిస్తే తమిళం, మలయాళం, తెలుగు వినబడతాయి. శ్రీ మహాలక్ష్మి గుడి ఉంది, పండుగ రోజు పిల్లలతో వెళ్లడానికి చోటు ఉంది. ఇల్లు ఇరుకే, పెరడు లేదు, రాత్రి సైరన్లు వినబడతాయి. అయినా నా భార్య నవ్వడం మళ్లీ చూశాను. మొదటి ఏడాది ఇక్కడ ఉండి, మీకు ఉద్యోగం వచ్చాక పిన్నర్ వెళ్లండి.

పిన్నర్ నివాసి

మీ భార్య అనుభవాన్ని నేను కాదనను. ఆమె ఒక్కతే కాదు, అలాంటివాళ్లను నేనూ చూశాను. కానీ టీచరు గారి అబ్బాయి చంటిపాప కాదు, సెప్టెంబరులోనే బడికి వెళ్తాడు. ఏడాదికే బడి మార్చడం నాలుగేళ్లవాడికి తేలిక కాదు, పైగా ఇక్కడ మంచి బడిలో మధ్యలో ఖాళీ దొరకడమూ కష్టమే. చేరిన చోటే ఉండనివ్వాలని నా అభిప్రాయం.

మీవారు ఇల్లు చూడటానికి ఆదివారం వెళ్లవద్దు. ఆదివారం అందరూ ఇళ్లలో ఉంటారు, ఏ వీధైనా బాగుంటుంది. పని రోజున పదకొండుకు వెళ్లమనండి. ఆ ఇంటి నుంచి బడికి, లైబ్రరీకి, మెమోరియల్ పార్కుకు పిల్లవాడి అడుగుల వేగంతో నడిచి చూడమనండి. స్టేషన్‌కు దగ్గరగా ఉండి వీటికి దూరమైన ఇల్లయితే, నా మాట విని వదిలేయండి.

తెనాలి టీచరు

ఇద్దరికీ నమస్కారాలు. ఆయనకు రెండు జవాబులూ చదివి వినిపించాను. మంగళవారం పదకొండుకు పిన్నర్, అదే రోజు సాయంత్రం ఈస్ట్‌హామ్ చూస్తానన్నారు. బడికి నడక దూరంలో లేకపోతే పిన్నర్ ఇల్లు వద్దని చెప్పాను. టీచరు అర్హతకు ఇక్కడి నుంచి ఏమేమి తెచ్చుకోవాలి?

పిన్నర్ నివాసి

డిగ్రీ, బీఎడ్ పట్టాలు, వాటి మార్కుల జాబితాలు అసలువి తెచ్చుకోండి. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, ఏ తరగతులకు లెక్కలు చెప్పారో రాసి ఉన్న లేఖ మీ హెడ్మాస్టరు చేత, బడి ముద్రతో తీసుకోండి. బడి ఈ మెయిల్ చిరునామా కూడా అందులో ఉండాలి, ఇక్కడి నుంచి విచారణ వస్తే జవాబు ఇచ్చేవాళ్లు ఉండాలి కదా. సెలవులకు బడి మూయకముందే ఈ పని ముగించుకోండి.