అమెరికా కంట్రీ, ఫోక్ పాటలంటే మొహం చిట్లించేవాళ్లకి మొదట ఏం పెట్టాలి?

ఖని_బిడ్డ:
మా బాపు మూడు నెలలకని డాలస్ వచ్చిండు. సింగరేణిల రిటైరైన మనిషి, గోదావరిఖని. కారెక్కి నేను కంట్రీ పాట పెడితే చాలు, "ఏందిరా, ముక్కుతోటి ఏడుస్తున్నడు" అంటడు. నా భార్యది గూడ అదే మాట, కాకపోతే జర మర్యాదగ. ఇంట్ల ఎవరినన్న ఈ పాటలకు అలవాటు చేసినోళ్లుంటే ఎట్ల చేసిన్రో చెప్పున్రి. టాప్ 50 ప్లేలిస్టులు మాత్రం వద్దు, అవి పెట్టే చెడగొట్టుకున్న.

రేపల్లె_రైలు:
రేడియోలో వచ్చే కొత్త కంట్రీతో మొదలుపెట్టకండి. ట్రక్కు, బీరు, ఏటిగట్టు, మళ్లీ ట్రక్కు. మా రూమ్మేట్ రెండో పాటకే "ఇది ఇందాకటిదే కదా" అన్నాడు. నేను చేసిన ఇంకో తప్పు, కంట్రీకి పుట్టిల్లులాంటి నాష్‌విల్ వెళ్లినప్పుడు వాణ్ని అక్కడి బ్రాడ్‌వే వీధిలో బార్‌కి తీసుకెళ్లడం. ఆ గోలలో పాటేంటో, కేకేంటో తెలీలేదు. మర్నాడు రైమన్ ఆడిటోరియం చూశాం. 1892లో ప్రార్థనా మందిరంగా కట్టింది, ఇప్పటికీ కూర్చునేది చర్చి బల్లల మీదే. అక్కడ మాత్రం నోరెత్తలేదు.

వీణమ్మ_కూతురు:
మా అమ్మ నలభై ఏళ్లు వీణ పాఠాలు చెప్పింది. గిటార్ పాటంటే "మీటి వదిలేస్తారు, గమకం ఏదీ?" అని పెదవి విరిచేది. మాటలున్న పాటలు మానేసి, పెడల్ స్టీల్ గిటార్ ఒక్కటే వాయించే వీడియో పెట్టాను. తీగల మీద ఇనుప కడ్డీ జారుతుంది, కాళ్లకింద పెడళ్లు, మోకాళ్ల దగ్గర మీటలు. అవి నొక్కితే కొన్ని తీగలు మాత్రమే బిగుస్తాయి, లేదా వదులవుతాయి, తక్కినవి ఉన్నచోటే ఉంటాయి. అమ్మ ఫోను దగ్గరికి లాక్కుని "ఇది గోటువాద్యానికి చుట్టమే" అంది, తీగల మీద కడ్డీ జార్చి వాయించే మన వీణ అది. నిజానికి కడ్డీ జార్చే ఆ పద్ధతి అమెరికావాళ్లకి హవాయి నుంచి వచ్చింది. మన సినిమా పాటల్లో వినిపించే హవాయియన్ గిటార్‌ది కూడా ఆ ఊరే.

ఆ తర్వాత మన విశ్వమోహన్ భట్, అమెరికా గిటారిస్టు రై కూడర్ కలిసి వాయించిన 1993 నాటి ఆల్బమ్ పెట్టాను. దానికి గ్రామీ వచ్చిందంటే "రావాల్సిందే" అంది, తనే ఇచ్చినట్టు. అక్కణ్ణుంచి కంట్రీకి రావడానికి ఆర్నెల్లు పట్టింది. ఇప్పటికీ గాయకులు ఆవిడకి పట్టరు, "పాడేవాడు ఆపితే బాగుణ్ణు, వెనక వాయించేవాడు బాగున్నాడు" అంటుంది. నాకది చాలు.

నసగాడు:
గిటార్ మీద మూడు కార్డులు (chords), ఒకటే లయ. మన జానపదం వేరండీ. పైగా ఆ కౌబాయ్ టోపీలవాళ్ల సంగీతం మనలాంటివాళ్లని లోపలికి రమ్మంటుందా?

చిడతలు:
నసగాడు గారూ, కార్డుల మాట ఒప్పుకుంటా. ఏలపాటలో మాత్రం ఎన్ని స్వరాలుంటాయి చెప్పండి. టోపీల సంగతికొస్తే, బాంజో ఆ టోపీలవాళ్లది కాదు. పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు సొరకాయ బుర్రకి తోలు కట్టి చేసుకున్న వాద్యం అది. గ్రాండ్ ఓల్ ఆప్రీ రేడియో కార్యక్రమంలో తొలి తారల్లో ఒకడు డిఫోర్డ్ బెయిలీ, నల్లజాతివాడు, మౌతార్గాన్ మీద రైలు పరిగెత్తించేవాడు. 1960ల్లో నల్లజాతి గాయకుడు చార్లీ ప్రైడ్ మొదటి రికార్డుల్ని ఫొటో లేకుండా రేడియోవాళ్లకి పంపారు. గొంతు నచ్చాక మనిషిని చూపించారు. మీరన్న అనుమానం నిజమే, అయితే ఆ కథ కూడా ఆ సంగీతంలోదే. రియానన్ గిడెన్స్ బాంజో ఒకసారి వినండి.

ఖని_బిడ్డ గారూ, నా పద్ధతి హరికథ పద్ధతి. ముందు కథ, ఆ తర్వాతే పాట. మా ఆవిడకి "జోలీన్" అలాగే పెట్టాను. "ఒకావిడ తన మొగుణ్ని లాక్కుపోయేలా ఉన్న అందగత్తెని తిట్టకుండా బతిమాలుతోంది, నీతో నేను తూగలేను, వదిలెయ్ అని" అన్నాను. తిట్టుకోని సవతి పాట ఉంటుందా అని తనే వింది. డాలీ పార్టన్ 1973 పాట. విట్నీ హ్యూస్టన్ పాడగా ఊరూవాడా విన్న "ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ" రాసింది కూడా ఈ డాలీయే అంటే నమ్మలేదు. హక్కుల్లో సగం ఇస్తేనే ఎల్విస్ పాడతాడని మేనేజరు అడిగితే ఇవ్వనందిట. ఆ ముక్క విన్నాక మా ఆవిడ ఆమె పక్షం.

నసగాడు:
గిడెన్స్ విన్నాను, బాగుంది. పాత కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ మాత్రం నా వల్ల కాదు.

చిడతలు:
హ్యాంక్‌ని మొదట ఎవరికీ పెట్టకూడదు. కాకరకాయ లాంటివాడు, వయసు మీద రుచి తెలుస్తుంది. పాపం, తను మాత్రం 29 దాటలేదు.

బడిగంట:
ఫోక్ తెలీదనేవాళ్లని "హమ్ హోంగే కామ్యాబ్" పాడమంటాను. బళ్లో ఆగస్టు 15కి పాడనివాళ్లెవరు? దాని మూలం "వి షల్ ఓవర్‌కమ్", నల్లవారి చర్చి పాటల్లోంచి పుట్టింది. 1945-46లో చార్ల్‌స్టన్ సిగార్ ఫ్యాక్టరీ సమ్మెలో ఆడవాళ్లు పాడారు, అక్కణ్ణుంచి టెన్నెస్సీలో కార్మికులకి శిక్షణ ఇచ్చే హైలాండర్ స్కూలుకీ, ఫోక్ గాయకుడు పీట్ సీగర్‌కీ చేరింది. మాకు పీటీ మాస్టారు నేర్పారు, సమ్మె ముక్క చెప్పలేదు.

కొత్తగూడెం_కోడలు:
అన్నా, మీ బాపుది సింగరేణి అంటున్నరు, ఇంకా హ్యాంకూ డాలీ ఎందుకు? "సిక్స్‌టీన్ టన్స్" పెట్టున్రి. దాని పాటగాడు మెర్ల్ ట్రావిస్‌ది కెంటకీ బొగ్గు గనుల ఊరు, తండ్రి గని కార్మికుడు, 1946ల రికార్డు చేసిండు. 1955ల టెన్నెస్సీ ఎర్నీ ఫోర్డ్ పాడితే దేశమంత పాకింది. గొంతు పాతాళంల ఉంటది, ముక్కు గొడవే లేదు. ముందుగాల్ల కంపెనీ దుకాణం సంగతి చెప్పాలె. అప్పట్ల కంపెనీలు జీతం డబ్బుల బదులు సొంత టోకెన్లల్ల ఇచ్చేటివి, అవి కంపెనీ దుకాణంలనే చెల్లేటివి. ఎంత తవ్వినా అప్పు తీరదు. అది నచ్చితే లొరెట్టా లిన్ "కోల్ మైనర్స్ డాటర్", 1970. మా మామయ్య దానికి కండ్లు తుడుసుకున్నడు, ఆయనకు ఇంగ్లీషు రానే రాదు. నేను లైను లైనుకు ఆపి చెప్పిన.

ఖని_బిడ్డ:
అక్కా, నీకు దండం. నిన్న ఫోర్ట్ వర్త్ పొయ్యేటప్పుడు కథ చెప్పి పెట్టిన. పాట అయిపోయినంక బాపు అడిగిన మొదటి మాట: "పదారు టన్నులంటే ఎన్ని టబ్బులురా?" టబ్బులల్ల బొగ్గు నింపే కోల్ ఫిల్లర్‌గ చేసిండు గదా, తట్ట, చెమ్మస్ (పార) పట్టిన చేతులు. ఏళ్ల మీద లెక్కేసి, "ఒక్కడే ఎత్తిండా, ఇద్దరా? ఒక్కడైతే అబద్ధం చెప్తున్నడు" అన్నడు. జర సేపటికి "ఇంకోసారి పెట్టు" అన్నడు. దారంత అదే లెక్క.

నా భార్య జోలీన్ రెండుసార్లు విన్నది. "ఆమెను బతిమాలుడెందుకు, మొగుణ్ని నిలదీయాలె గని" అన్నది. సమాధానం ఉన్నోళ్లు చెప్పున్రి.

ఇంకా గనుల పాటలుంటే పంపున్రి. గని కూలినయి మాత్రం వద్దు. ఒకటి దానంతటదే వచ్చింది, సగంల ఆపెయ్యమన్నడు, ఇంటికొచ్చేదాక మాట్లాడలే.