జీవశాస్త్రం పేపరుకూ లెక్కల పేపరుకూ మధ్య జవాబులు పోల్చుకోనివ్వాలా?

హూడి అమ్మ:
మా అమ్మాయి ఇక్కడ బెంగళూరులో రెండో పీయూ (మన ఇంటర్ రెండో ఏడు), పీసీఎంబీ, అంటే భౌతిక, రసాయన శాస్త్రాలు, లెక్కలు, జీవశాస్త్రం. గత ఆదివారం కోచింగ్ సెంటరువారు అసలు సీఈటీ (కర్ణాటక ప్రవేశ పరీక్ష) పద్ధతిలోనే నమూనా పరీక్ష పెట్టారు. పొద్దున 10.30 నుంచి 11.50 దాకా జీవశాస్త్రం, మధ్యాహ్నం 2.30కి లెక్కలు. నేను క్యారియర్ పట్టుకుని వెళ్లేసరికి పిల్లలంతా మెట్ల మీద కూర్చుని ప్రశ్నపత్రాలు ఒళ్లో పరుచుకుని ఉన్నారు. మానవ జీనోమ్‌లో జన్యువులు ఎన్ని అన్న బిట్ దగ్గర పెద్ద రగడ. మా అమ్మాయి 30,000 పెట్టింది. స్నేహితురాలు 20,000 అంటుంది, ఫోనులో తీసి చూపిస్తుంది కూడా. పులిహోర మూత తీయకుండానే వెనక్కి వచ్చింది. మధ్యాహ్నం లెక్కల్లో పదికి పైగా బిట్లు ఖాళీగా వదిలేసిందట. సీఈటీలో నెగెటివ్ మార్కులు లేవు, కళ్లు మూసుకుని నింపినా పోయేదేమీ లేదు, ఆ సంగతి దానికీ తెలుసు. మనసు అక్కడ లేదు, అంతే. రెండు పేపర్ల మధ్య జవాబులు పోల్చుకోవడం పూర్తిగా మాన్పించమని కోచింగ్ వారికి ఉత్తరం రాయబోతున్నాను. మీరేమంటారు?

మారతహళ్లి నాన్న:
రాయండి. నా పేరు కూడా చేర్చండి. ఈ బాధంతా రోజుకు రెండు పేపర్లు పెట్టడం వల్ల వచ్చింది. మన ఈఏపీసెట్‌లో 160 బిట్లూ ఒకే మూడు గంటల్లో అయిపోతాయి. నీట్ కూడా అంతే, రెండింటికి మొదలైతే అయిదింటికల్లా అయిపోతుంది. బయటికొచ్చాక ఏడ్చినా, నవ్వినా రాసింది మారదు. ఇక్కడ మాత్రం భోజనం పేరుతో రెండున్నర గంటలకు పైగా పిల్లల్ని ఒకరి మీదికి ఒకరిని వదులుతారు. ఆ సమయంలో మావాడి ముఖం చూసి వాళ్ల అమ్మకు అన్నం సహించదు.

పీసీఎంబీ పిల్ల:
ఆంటీ, అంకుల్, మీరిద్దరూ ఏమీ అనుకోకపోతే ఒక మాట. మేము సరదాకు పోల్చుకోవడం లేదు. ఒక బిట్ అనుమానంగా ఉంటే అది లెక్కల పేపరులో కూడా వెంటాడుతుంది. పక్కనున్నవాళ్లను అడిగితే తప్పో ఒప్పో తేలిపోతుంది, దాన్ని అక్కడే వదిలేయవచ్చు. అడగవద్దంటే నోరు మూసుకుంటాం కానీ తలలో అదే తిరుగుతుంది. పైగా ఓఎంఆర్ జవాబు పత్రం అడుగు నకలు మాకే ఇస్తారు. ఇంటికి తీసుకెళ్లి సొంతంగా మూల్యాంకనం చేసుకోండి అని ప్రశ్నపత్రం మీద సూచనల్లోనే రాసి ఉంటుంది.

మారతహళ్లి నాన్న:
ఇంటికి తీసుకెళ్లి అని రాశారమ్మా, మెట్ల మీద అని రాయలేదు.

పాత లెక్చరర్:
ముందు ఆ జన్యువుల బిట్ సంగతి తేల్చేద్దాం, లేకపోతే ఆ ఆడపిల్లలిద్దరూ పరీక్షల దాకా మాట్లాడుకోరు. పీయూలో చదివేది ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకమే. అందులో మొత్తం జన్యువులు 30,000 అని అంచనా, అంతకుముందు 80,000 నుంచి 1,40,000 దాకా ఉంటాయని అనుకునేవారు అని ఉంది. ఇప్పటి లెక్కల ప్రకారం ప్రోటీన్లను తయారుచేయించే జన్యువులు సుమారు 20,000. ఫోనులో ఆ అమ్మాయి చూపించింది అదే. ఇద్దరి దగ్గరా ఆధారం ఉంది, మార్కు మాత్రం పాఠ్యపుస్తకం వైపున్న అమ్మాయికే వస్తుంది. హూడి అమ్మగారూ, మీ అమ్మాయి జవాబు సరైనదే. సరైన జవాబు పెట్టి కూడా భోజనం మానేసి, లెక్కలు పోగొట్టుకుంది. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. పిల్లలు పోల్చుకున్నప్పుడు గెలిచేది తెలిసినవాడు కాదు, గొంతు పెద్దదైనవాడు. ముప్ఫై ఏళ్లకు పైగా పరీక్ష హాళ్ల వరండాల్లో చూశాను, మెత్తని పిల్లలు తమ సరైన జవాబునే అనుమానించుకుంటారు.

అయినా నిషేధం నాకు ఇష్టం లేదు. 2024 సీఈటీ గుర్తు చేసుకోండి. ఏప్రిల్ 18 పొద్దున జీవశాస్త్రం, మధ్యాహ్నం లెక్కలు, మరునాడు భౌతిక, రసాయన శాస్త్రాలు. పీయూ సిలబస్ నుంచి తీసేసిన భాగాల్లోంచి బిట్లు వచ్చాయని పిల్లలు గేటు దగ్గరే గగ్గోలు పెట్టారు. నిపుణుల కమిటీ చూసింది. చివరికి 50 బిట్లను లెక్కలోంచి తొలగించారు, జీవశాస్త్రంలోనే 11. అంటే 60కి 49 మిగిలాయి. ఒక్కొక్కరూ పత్రం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి పోయి ఉంటే, తనకే రాలేదేమో అని ప్రతి పిల్లా తనను తాను తిట్టుకుని ఊరుకునేది.

అగ్రి రెండో ఏడు:
మాస్టారూ, ఆ 2024 బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. ఆ మధ్యాహ్నం మేము దేని గురించి కొట్టుకున్నామో చెప్పమంటారా? మాకు తెలియని బిట్ల గురించే. తెలిసిన బిట్‌కు ఎవరూ వాదించరు కదా. మా స్నేహితుడు బిట్లు లెక్కపెట్టి నా పని అయిపోయిందిరా అని తల పట్టుకున్నాడు. వాడు ఏడ్చిన బిట్లలో సగానికి పైగా తర్వాత కొట్టేసినవే. లెక్కల్లోనూ కొన్ని బిట్లు కొట్టేశారు కానీ, మిగతా బిట్లలో ఆ మధ్యాహ్నం పోగొట్టుకున్న మార్కులు పోయినట్టే. కాబట్టి నా ఓటు హూడి ఆంటీకే. గగ్గోలు సాయంత్రం పెట్టినా సరిపోయేది.

పీసీఎంబీ పిల్ల:
అన్నయ్యా, సాయంత్రం ఎవరు ఎక్కడికి పోతారో! కేఆర్ పురం వాళ్లు బస్సెక్కేస్తారు. అందరూ ఒకచోట ఉండేది ఆ మధ్యాహ్నమే.

మారతహళ్లి నాన్న:
వాట్సాప్ గ్రూపులు దేనికున్నాయి తల్లీ? మిగతా రోజుల్లో పగలూ రాత్రీ అందులోనే ఉంటారుగా.

పాత లెక్చరర్:
నాన్నగారి మాటలో పస ఉంది. అయితే పోల్చుకోవడాల్లో రెండు రకాలు ఉన్నాయని గమనించండి. నువ్వేమి పెట్టావు అని అడగడం ఒకటి. ఈ ప్రశ్న మన పుస్తకంలో ఉందా, రెండు జవాబులు వచ్చేలా ఉందా అని అడగడం ఇంకొకటి. మొదటిదాంతో గుండెదడ తప్ప ఏమీ రాదు. రెండోది పరీక్ష పెట్టినవాళ్లను నిలదీస్తుంది. 2024 నీట్‌లో పరమాణువుల మీద వచ్చిన భౌతికశాస్త్రం బిట్ చూడండి. ప్రాథమిక కీలో ఒకే జవాబు ఇచ్చారు. పాత పుస్తకం చదివినవారు అభ్యంతరం చెబితే రెండు జవాబులకూ మార్కులు ఇచ్చారు. దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. కోర్టు ఢిల్లీ ఐఐటీ నిపుణులను అడిగితే వారు ఒకటే సరైనదని తేల్చారు. రెండో జవాబు పెట్టిన నాలుగు లక్షల మందికి పైగా పిల్లలకు తలా అయిదు మార్కులు పోయాయి, ఇచ్చిన నాలుగూ వెనక్కి తీసుకుని, తప్పుకు ఒకటి కోసి. 720కి 720 తెచ్చుకున్నవారు దీనికి ముందు 61 మంది, చివరికి 17 మందే మిగిలారు. ఇదంతా ఒక్క బిట్ మీద. ఇలాంటివి బయటపడాలంటే పిల్లలు పోల్చుకోక తప్పదు.

అగ్రి రెండో ఏడు:
ఆ నాలుగు లక్షల మందికి పోల్చుకుని ఒరిగింది ఏమిటి మాస్టారూ? నెలన్నరకు పైగా ఆశపెట్టి లాక్కున్నారు.

పాత లెక్చరర్:
ఒరగలేదు, నిజమే. ఆ ప్రశ్న రాసినవాళ్లు కొత్త పుస్తకం, పాత పుస్తకం పక్కపక్కన పెట్టుకుని ఉంటే ఇంత రాద్ధాంతమే లేదు. ఆ పని పెద్దవాళ్లు చేయనందువల్లే పిల్లల నెత్తిన పడింది.

హూడి అమ్మ:
మాస్టారూ, మీరన్న రెండో రకం పోలిక మధ్యాహ్నమే జరగాలని ఎక్కడుంది? మా అమ్మాయికి జవాబు సరిపోయిందని మీరు చెప్పారు, సంతోషం. నాకు కావలసింది ఆ రెండున్నర గంటలు.

పాత లెక్చరర్:
మధ్యాహ్నం జరగనవసరం లేదు, ఒప్పుకుంటాను. అడ్డుకోవద్దు అన్నది మాత్రమే నా మాట. బలవంతంగా నోరు మూయిస్తే ఈ అమ్మాయి చెప్పినట్టు తలలో తిరుగుతూనే ఉంటుంది. నా విద్యార్థులకు ఒక పని చెప్పేవాణ్ణి. అనుమానమున్న బిట్ పక్కన ప్రశ్నపత్రం మీద చిన్న చుక్క పెట్టుకోండి, లెక్కలు అయ్యాక పుస్తకంలో పేజీ వెతకండి. అభ్యంతరం నమోదు చేయాలంటే ఆ పేజీ కావాలి, స్నేహితుడు చెప్పాడంటే వినరు. నీట్‌లో అయితే ఒక్కో బిట్‌కు 200 రూపాయలు కూడా కట్టాలి. కోచింగ్ సెంటర్లు సాయంత్రం విడుదల చేసే కీలను ఆధారంగా పట్టుకోకండి. ఒకదానికొకటి పొసగవు.

పీసీఎంబీ పిల్ల:
చుక్క పెట్టుకోవడం బాగుంది మాస్టారూ. కానీ పుస్తకంలో ఒకటి, బయట నిజం ఒకటి అయినప్పుడు ఆ పేజీ చూపించి గెలవడం మాత్రం నాకు నచ్చదు.

పాత లెక్చరర్:
నాకూ నచ్చదు. ప్రశ్నలోనే "పాఠ్యపుస్తకం ప్రకారం" అని రాస్తే చాలు, సగం గొడవలు పోతాయి. ఎందుకు రాయరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

హూడి అమ్మ:
నిషేధం అన్న మాట తీసేశాను. లెక్కల పేపరు అయ్యేదాకా ఫోన్లు తిరిగి ఇవ్వవద్దనీ, భోజనానికి ఒక ఉపాధ్యాయురాలిని పిల్లలతో కూర్చోబెట్టమనీ రాశాను. సంతకాలు కావాలి. మారతహళ్లి నాన్నగారూ, మీదింకా రాలేదు.

మారతహళ్లి నాన్న:
నిషేధం తీసేస్తే నా సంతకం ఎందుకమ్మా? మావాడికి నేను ఇంట్లోనే చెప్పుకుంటాను. ఆ రోజు క్యారియర్ నేనే తెస్తాను, కారులో కూర్చోబెట్టి తినిపిస్తాను, రెండుంబావుకు లోపలికి పంపిస్తాను.

పీసీఎంబీ పిల్ల:
అంకుల్, పదిహేడేళ్లవాడికా!