డాలస్ ఇల్లు: అమ్ముకుని రావాలా, అద్దెకిచ్చి రావాలా?

ప్రశ్న: ప్రొద్దుటూరు వాసి, ప్రస్తుతం డాలస్‌లో

అందరికీ నమస్కారం. 2021లో డాలస్ శివార్లలో మూడు శాతం లోపు వడ్డీకి ముప్పై ఏళ్ల అప్పు తీసుకుని ఇల్లు కొన్నాము. నాది హెచ్‌-1బి వీసా. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందింది గానీ, ఆ వరుసలో మన వంతు ఎప్పటికి వస్తుందో ఎవరూ చెప్పలేరు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన రాత్రి నుంచి ఇంట్లో ఇదే చర్చ. అది పొడిగింపులకు వర్తించదని మరునాడే వివరణ వచ్చినా మా నాయన మనసు కుదుటపడలేదు. టెక్సాస్‌లో విదేశీయుల ఇళ్లు లాక్కునే చట్టం వచ్చిందని ఆయనకు ఎవరో చెప్పారట. "అమ్మేసి కడపలో స్థలం కొను, కళ్లెదుట ఉంటుంది" అంటున్నారు. ఉద్యోగం పోతే నాకు మిగిలే గడువు అరవై రోజులు. ఆ హడావుడిలో తప్పు చేయకూడదని ఇప్పుడే అడుగుతున్నాను.

జవాబు: అనంతపురం వాసి, హ్యూస్టన్ నుంచి తిరిగివచ్చినవారు

మీ నాయనగారికి చెప్పినవారు ఆ వార్తను సగమే చదివినట్టున్నారు. 2025 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చిన టెక్సాస్ సెనేట్ బిల్లు 17 చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యా దేశాలకు సంబంధించిన కొనుగోళ్లపై ఆంక్షలు పెట్టింది. అందులో భారతదేశం లేదు, అంతకుముందు కొన్న ఇళ్ల జోలికి అది పోదు. అక్కడ ఇంటి హక్కుకు వీసాతో ముడి లేదు. వీసా పోతే మీరు బయలుదేరాలి, ఇల్లు మీ పేరునే ఉంటుంది. నెలవాయిదా కూడా మీ పేరునే ఉంటుంది.

అసలు కష్టం దూరం నుంచి వస్తుంది. నేను అనంతపురం సాయినగర్‌లో కాపురం పెట్టాక రెండేళ్లు హ్యూస్టన్ ఇంటిని అద్దెకిచ్చాను. ఒక ఆగస్టు రాత్రి ఒకటిన్నరకు ఫోను మోగింది. అక్కడ మధ్యాహ్నం మూడు గంటలు, ఏసీ ఆగిపోయింది, ఇంట్లో పసిపాప. మేడ మీద నిలబడి మెకానిక్‌ల నంబర్లకు ఒకటొకటిగా ఫోన్లు చేస్తూ నాలుగు దాకా గడిపాను. మరునాడే ఇంటిని నెల అద్దెలో పదో వంతు తీసుకునే ఒక నిర్వాహకుడికి అప్పగించాను. మీరు అందులో నివసించడం మానితే సొంతంగా ఉండే ఇంటికి ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు పోయి ఆస్తిపన్ను పెరుగుతుంది, బీమాను అద్దె ఇంటి బీమాగా మార్చుకోవాలి. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని మురిసిపోతాం గానీ, ఆ లోటు చాలావరకు ఇంటి పన్నులోనే రాబడతారు. ఈ ఖర్చులన్నీ పోగా అద్దె వాయిదాకు సరిపోయేటట్టయితే అమ్మవద్దనే నా సలహా. 2025లో ఇంటి అప్పుల వడ్డీ ఆరు శాతం పైనే ఉన్నందున, మీకున్న అప్పు మళ్లీ దొరికేది కాదు.

జవాబు: కర్నూలు వాసి, ఆడిటరు

పై సలహాకు ఒక గడువు చేర్చాలి. అమ్మేనాటికి ముందటి అయిదేళ్లలో రెండేళ్లు ఆ ఇంట్లో నివసించి ఉంటే, యజమానులైన దంపతుల్లో ఒక్కొక్కరికి రెండున్నర లక్షల డాలర్ల లాభం దాకా సాధారణంగా అమెరికాలో పన్ను ఉండదు. అంటే ఇల్లు ఖాళీ చేసిన మూడేళ్ల లోపల అమ్మాలి. ఇక్కడికి వచ్చాక సాధారణంగా రెండు మూడేళ్లు మీరు ఆర్‌ఎన్‌ఓఆర్ (నివాసి అయినా సాధారణ నివాసి కాని) హోదాలో ఉంటారు కనుక, ఆ లాభంపై ఇక్కడా పన్ను పడదు. ఈ రెండు గడువులు దాదాపు కలిసి నడుస్తాయి. ఆలోచిస్తూ కూర్చుంటే రెండూ దాటిపోతాయి. అయితే తిరిగివచ్చాక అమ్మితే ఫిర్ప్టా (విదేశీయులు అమ్మే స్థిరాస్తిపై అమెరికా పన్ను చట్టం) కింద కొనుగోలుదారు సాధారణంగా అమ్మకపు ధరలో పదిహేను శాతం పట్టి అక్కడి పన్ను శాఖకు కడతాడు. అది లాభం మీద కాదు, మొత్తం ధర మీద. రిటర్ను వేసి రాబట్టుకోవచ్చు గానీ, అంతదాకా డబ్బు చేతికి రాదు.

ఉంచుకోవడానికి మన చట్టంతో ఇబ్బంది లేదు. విదేశంలో నివసిస్తూ సంపాదించుకున్న ఆస్తిని తిరిగివచ్చాక కూడా ఉంచుకోవచ్చని 1999 నాటి విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) సెక్షన్ 6(4) చెబుతుంది. ఆర్‌ఎన్‌ఓఆర్ గడువు ముగిశాక ఏటా ఇక్కడి రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్‌ఏ కింద ఆ ఇంటిని చూపడం మాత్రం మరువకండి. ఇంకొకటి, చెప్పడానికి మనసొప్పదు: అమెరికాలో స్థిరనివాసం లేని విదేశీయుడు మరణిస్తే, అక్కడి ఆస్తిలో అరవై వేల డాలర్లకు మించిన భాగంపై నలభై శాతం దాకా ఎస్టేటు పన్ను ఉంటుంది. ఈ విషయంలో మనకు ఆ దేశంతో ఒప్పందం లేదు. నన్నడిగితే కొంతకాలం అద్దెకిచ్చి, ఆ రెండు గడువులూ దాటకముందే అమ్మేయడమే మేలు.

జవాబు: కడప వాసి, కువైట్ నుంచి తిరిగివచ్చినవారు

లెక్కలు వారు చెప్పారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు నేను కువైట్‌లో ఉన్నాను. మన వంటివారికి అక్కడ ఇల్లు కొనే హక్కు లేదు. నాకున్నదల్లా అద్దె గది, దర్జీ దుకాణం, నాలుగు కుట్టుమిషన్లు. వాటిని వదిలేసి బస్సులో అమ్మాన్ చేరి, విమానంలో బొంబాయి వచ్చాను. అలా వచ్చినవారు లక్షా డెబ్బై వేల దాకా ఉంటారు. కొన్నేళ్లకు ఐక్యరాజ్యసమితి పరిహార సంఘం దరఖాస్తులు పిలిచినప్పుడు, దేశం విడిచి వచ్చినందుకు ఇచ్చే పైకం తేలికగానే వచ్చింది, పోయిన సొమ్ముకు మాత్రం ఆధారం చూపాలన్నారు. నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో రెండు మిషన్ల రసీదులే మిగిలాయి. ఆ రెండింటినే రాశాను.

నీది యుద్ధం కాదు బాబూ, తీరిక ఉంది. డీడ్ (ఇంటి దస్తావేజు), అప్పు పత్రాలు, బీమా, ఆ ఇంట్లో ఉన్నట్టు చూపే కరెంటు బిల్లులు, అన్నింటి నకళ్లు తీసి ప్రొద్దుటూరుకు ఒక కట్ట పంపు. నీ పేరున్న డీడ్ చేతిలోకి వస్తే మీ నాయన కూడా కొంత నెమ్మదిస్తారు.